మా నాయన వేసిన మార్కులు

నా చిన్నప్పుడు అరవదేశం సరిహద్దులోని మా ఊరు నగరిలో కరెంటు పోతే తప్ప పాట వినపడేది కాదు. మా వీధి నిండా మరమగ్గాలే. అవి ఆడుతున్నంతసేపూ పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. పెదాలు చూసి, సైగలు చూసి అర్థం చేసుకోవాల్సిందే. కరెంటు పోగానే ఆ చప్పుడంతా ఒక్కసారిగా ఆగిపోయేది. మా నాయన పనిచేసే షెడ్డు అరుగు మీద బ్యాటరీల రేడియో పెట్టుకుని అందరం చేరేవాళ్ళం. తొంభైల్లో కొత్తగా వస్తున్న పాటలు. ముల్లు అటు తిప్పితే తెలుగు, ఇటు తిప్పితే అరవం.

పాట పాటకీ పదికి ఇన్నని మార్కులు రాయడం నా పని. పన్నెండేళ్ళకే పెద్ద పండితురాలిని మరి. నోటుపుస్తకంలో గీతలు కొట్టి, అరుగు మీదున్న అందరినీ అడిగి రాసేదాన్ని. కండెలకు నూలు చుట్టే అవ్వ అరవ పాట ఏదొచ్చినా పది ఇచ్చేది. మా నాయన మాత్రం నేను మనసులో ఎన్ని అనుకుంటే సరిగ్గా అన్నే చెప్పేవాడు. మా ఇద్దరి చెవీ ఒకటేనని నాకెంత గర్వమో.

పోను పోను అనుమానం వచ్చింది. ఏ పాట వచ్చినా ఆయన చూపు నా మొహం మీదే ఉండేది. ఒకరోజు ఆయన తల వంచుకుని బీడీ వెలిగించుకుంటుంటే, నోటికి వేలు అడ్డంపెట్టి అందరినీ ఊరుకోమన్నాను. మెల్లగా రేడియో కట్టేశాను. ఆయన తలెత్తేసరికి, పాట వింటున్నట్టే తల ఊపుతూ మురిసిపోయాను. ఎన్ని మార్కులని అడిగాను.

"బాగుండాది పాపా, తొమ్మిది ఎయ్యి" అన్నాడు.

విరగబడి నవ్వాను. మా నాయనకి చెవులు వినపడవు, కట్టేసిన రేడియోకి తొమ్మిది వేశాడని అరుగంతా చాటాను. అందరూ నవ్వారు. సంగతి అర్థమయ్యాక నాయన కూడా నవ్వాడు. నవ్వనిది గుమ్మంలో, ఆయన వెనక నిలబడున్న షావుకారు, ఆ షెడ్డు యజమాని, ఒక్కడే. అక్కడినుంచే నాయనను రెండుసార్లు పిలిచాడు. నాయన తిరగలేదు.

మగ్గం ఆడించేవాడికి చెవే ముఖ్యం. ఎక్కడ తేడా వచ్చినా కంటికి కనపడేలోపే చప్పుడు మారుతుంది. మర్నాడు పొద్దున షావుకారు నాయనను మగ్గం దగ్గరికి పోనివ్వలేదు. "గుడ్డ చెడితే ఎవురు కట్టిస్తారప్పా? ఆడోళ్ళ పక్కన కూసోని కండెలు సుట్టుకో" అన్నాడట. ఇరవై ఏళ్ళు నేసిన మనిషిని.

అమ్మ నన్ను కొట్టలేదు. పొయ్యి ముందు కూర్చుని, నా వైపు చూడకుండా అంది: "రెండేండ్లు దాచినాం, నేనూ మీ నాయనా. నీకు ఒక పాటంత సేపు గూడా పట్టలేదు."

తరవాత కరెంటు పోయినప్పుడు నేను రేడియో ముట్టుకోలేదు. నాయనే తెచ్చి నా ముందు పెట్టాడు. వద్దని తల అడ్డంగా ఊపాను.

"పెట్టు పాపా. పాట ఎట్లుండాదో నీ మొగం సూస్తే నాకు తెలస్తాది. నాకది సాలు" అన్నాడు.

పెట్టాను. ఏ పాట వచ్చిందో గుర్తులేదు, ఏడుపు మాత్రం ఆగలేదు. నా మొహం చూసి ఆ పాట బాగాలేదనుకున్నాడో ఏమో, పాపం, ముల్లు తిప్పి వేరే పాట పెట్టాడు.

ఇప్పుడు యాభైకి దగ్గర పడ్డాను. నాయన పోయి చాలా కాలమైంది. ఎవరు ఏది దాచుకున్నా, అది నా కంటపడినా, నోరు మెదపను. గుంభనమైన మనిషినని నలుగురూ మెచ్చుకుంటారు. వాళ్ళకేం తెలుసు, అదంతా భయం. నన్ను నమ్మి నా మొహం చూస్తూ కూర్చున్న మనిషిని ఆ మొహంతోనే మోసం చేశాను. ఆయన ఆ రోజు ఒక్క దెబ్బ వేసి ఉంటే అక్కడికి తీరిపోయేది. వేయలేదు.