ఆ సాయంత్రం మిగిలిపోయిన చౌపాయి

మా పక్కింటి అంకుల్ పోయారని శుక్రవారం పొద్దున వాళ్ళబ్బాయి ఫోన్ చేశాడు. పంజాబ్‌లో లెక్కల మాస్టారుగా రిటైరై, విదేశంలో మేముండే ఈ టార్నీట్‌కి, కొడుకు దగ్గరికి వచ్చిన మనిషి. ఫోన్ పెట్టేశాక నాకు ముందు ఏడుపు రాలేదు. నా మీద నాకే కోపం వచ్చింది.

రోజూ పొద్దు వాలే వేళకి చెప్పులు విడిచి, వరండాలో కూర్చుని రెహ్రాస్ చదివేవారు. సిక్కుల సాయంకాలపు ప్రార్థన అది. ఇక్కడి ఎండాకాలం మీకు తెలుసుగా, గడియారాలు గంట ముందుకి జరుపుతారు, రాత్రి ఎనిమిదిన్నరకీ వెలుతురే. అయినా ఆయన తొందరపడేవారు కాదు. "గడియారం గవర్నమెంటు మాట వింటుంది, సూర్యుడు వినడు" అనేవారు హిందీలో. ఇంటికొచ్చి కూడా లాప్‌టాప్ తెరిచే నాకు, సాయంత్రం అనేదొకటుందని చూపించింది ఆయనే.

ఆ ప్రార్థనంతా ఒక్కరు రాసిందే అనుకునేదాన్ని. వేళ్ళు మడుస్తూ చెప్పారు: మొదటి గురువు, మూడో గురువు, నాలుగు, ఐదు. వాళ్ళ కీర్తనలు తమ పెద్ద గ్రంథంలోవి. మధ్యలో వచ్చే చౌపాయి అనే కీర్తన పదో గురువుది, అది వేరే గ్రంథంలోది. కొందరు కుదించి చదువుతారట.

"మరి మీరు, అంకుల్?"

"లెక్కల మాస్టర్ని బేటీ. స్టెప్పులు వదలను."

చూపు మందగించాక ఒక కీర్తనలోంచి ఇంకోదాంట్లోకి జారిపోయేవారు. కొడుకుది సాయంత్రం షిఫ్టు. ఆయనకి నేనే చదివి వినిపిద్దామని, అతని చేత నిదానంగా చదివించుకుని, తెలుగు అక్షరాల్లో నోట్‌బుక్‌లోకి ఎక్కించాను. తలమీద చున్నీ వేసుకుని చదవబోతూ, "నేను చదవచ్చా?" అని జంకితే, "దీనికి వీసా అక్కర్లేదు" అని నవ్వారు. తప్పులు మాత్రం ఒక్కటీ వదలకుండా దిద్దారు.

ఈమధ్య ఆయన్ని హాస్పిటల్లో చేర్చారు. పోయేముందు రోజు, గురువారం, అక్కడా చదవడం మొదలుపెట్టాను. చౌపాయి దగ్గరికొచ్చేసరికి మా పాపని స్విమ్మింగ్ నుంచి తీసుకురావాల్సిన టైమైంది.

"మిగతాది రేపు చదువుతాను అంకుల్."

"రేపటిది రేపు ఉంటుంది బేటీ. ఇది ఇవాళ్టిది" అన్నారు, మెల్లగా.

నేను నోట్‌బుక్ మూసి లేచాను. ఇంకో పది నిమిషాలు కూర్చుంటే అయిపోయేది. పాప కాసేపు ఆగేది కూడా.

అంత్యక్రియలయ్యాక, నిన్న సాయంత్రం మా వరండాలో కూర్చుని చౌపాయి నుంచి చివరిదాకా చదివాను. ఏడుస్తూనే చదివాను. పాప వచ్చి హుడీ తలమీదికి లాక్కుని పక్కన కూర్చుంది.

"ఈజ్ దట్ టుడేస్ వన్, అమ్మా?"

"కాదమ్మా. గురువారంది."

"దెన్ వాట్ అబౌట్ టుడేస్?"

ఆయన ఫెన్సు మీద ఇంకా కాస్త ఎండ ఉంది. అది దిగేదాకా ఇద్దరం ఆగాం. తర్వాత మొదటి పేజీ తీశాను.