తంబాకు నీళ్లు వద్దన్న మా అత్త

మా మేనత్త పోయిన నెలలో ఒక గురువారం పొద్దున చనిపోయింది. ఆసుపత్రి కాగితం మీద ఆయాసం అని రాశారు. పాడె దగ్గర మా వాళ్లు వయసైపోయింది కదా అన్నారు. యాభై దాటి ఎంతో కాలం కాని మనిషికి వయసైపోవడమేమిటి? ఆ మాట విన్నప్పటి నుంచి నాకు కోపం తగ్గలేదు. మగ్గాల కార్ఖానాలో రోజూ జమాఖర్చు రాసుకునే నాకు నలుగురిలో మాట్లాడే అలవాటు లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

సోలాపూర్‌లో అశోక్ చౌక్ వెనక వరస గదుల మా చాళ్‌లో మగవాళ్లది మగ్గం పని, ఆడవాళ్లది బీడీ పని. అత్త ఒళ్లో చాట పెట్టుకుని, ఆకు కత్తిరించి, తంబాకు, అదే పొగాకు పొడి, పోసి చుట్టేది. ఇంటి వెనక గోడ వెంట కొంచెం నేల ఉంటే అందులో బెండ, చిక్కుడు, వంగ వేసింది. మొక్కకు పురుగు పడితే మా వాడంతా ఒకటే మందు. చాట అడుగున మిగిలిన తంబాకు పొడిని రాత్రి నానబెట్టి, పొద్దున వడగట్టి చల్లడం. మధ్యాహ్నానికి పేనుబంక నల్లబడి రాలిపోయేది. అత్త కూడా అదే చల్లేది.

ఎనభైల మొదట్లో ఒక రోజు, ఆ నీళ్లు చల్లిన కాసేపటికే ఆమె మనవరాలు లేత బెండకాయలు తెంపుకుని తినేసింది. వాంతులు, చెమటలు. పిల్ల కళ్లు తేలేసింది. కోడలు పిల్లను ఒళ్లో వేసుకుని రిక్షాలో ఆసుపత్రికి పోయింది. పిల్ల బతికింది. ఆ సాయంత్రం అత్త చాట ముట్టలేదు.

"ఇది పురుగును సంపె. పిల్లను సంపబోయె. మరి పొద్దుందాంక నేను దీన్నే పీలుస్తున్న గదనే?" అంది కోడలితో.

"ఊకో అత్తా. మనకు అలవాటైంది."

"అట్లయితే పురుగులకు గూడ అలవాటు కావాలె గదా!"

ఆ రోజు నుంచి తంబాకు నీళ్లు ఆ మొక్కల మీద పడలేదు. అన్నం వార్చిన గంజిని పలుచగా కలిపి, గుడ్డతో వడగట్టి, మామయ్య పడుగుకు గంజి పెట్టే కుంచెల్లో పాతదొకటి కడిగి దానితో ఆకుల అడుగున చల్లేది. ఎండకు గంజి ఎండితే పేనుబంక దాంతోపాటే పొరలుగా ఊడిపోయేది. తర్వాత మంచినీళ్లతో కడిగేది. కార్ఖానా గంజి డబ్బా నిండా తెచ్చిస్తానని నేనంటే ఒప్పుకోలేదు. "దాంట్ల మైలుతుత్తం కలుపుతరు. నూలుకు మంచిది, మా పిల్లలకు కాదు" అంది. గొంగళిపురుగులను పొద్దున్నే చేత్తో ఏరేది. దానికి ముందు తంబాకు చేతులు సబ్బుతో రుద్ది కడుక్కునేది.

"ఆకు మీద ఏం జూస్తున్నవ్ రా? తిప్పి జూడు. దొంగలంత కిందనే ఉంటరు" అని నన్ను కసిరేది. చుక్కల అక్షింతల పురుగును నేను విదిలించబోతే చెయ్యి పట్టుకుంది. "దాన్ని తోలకు. పేన్లను తింటది. నీ కన్న ఎక్కువ పని జేస్తది, బువ్వ గూడ అడగది." అమ్మ లేని మా ఇంటికి ఆమె పంపిన కూరలతోనే నేను పెరిగాను. ఆ రుణం ఎలా చెప్పుకోవాలో నాకు తెలియదు.

మొక్కల సంగతి తేలింది. మనుషుల సంగతి తేలలేదు. అత్త ఆకు, తంబాకు ఇచ్చి చుట్టిన కట్టలు తీసుకునే బీడీ బ్రాంచికి పోయి కిటికీ ముందు నిలబడింది. కట్టలు చూసి తీసుకునే చెకర్‌తో నేరుగా చెప్పింది.

"ఇండ్లల్ల పిల్లలు పంటరు సారూ. ఈడ ఒక రేకుల షెడ్డు ఎయ్యిండ్రి. అందరం ఈడికే వచ్చి చుడుతం."

"అవ్వా, డోకా ఖరాబైందా, తలకాయ పనిచేస్తలేదా? తంబాకుకు పురుగులు సస్తయి. నువ్వు మనిషివి గదా!"

వరసలో ఉన్న ఆడవాళ్లు నవ్వారు. అత్త వాళ్ల వైపు తిరిగింది. "నవ్వుండ్రి. దగ్గు వచ్చేదాంక నవ్వుండ్రి."

ఆ రోజు చెకర్ ఆమె కట్టల్లో సగం పనికిరావని పక్కకు విసిరేశాడు. ఇక ఇంట్లో చుట్టనని ఆమె చిక్కుడు పందిరి కింద కూర్చుని చుట్టింది. వానాకాలంలో తంబాకు చెమ్మగిల్లితే చెకర్ కట్టలు మళ్లీ విసిరేశాడు. చివరికి చాట ఇంట్లోకి వచ్చింది. కొన్నేళ్లకు దగ్గు వచ్చింది. బెండ ఆకు మీద చుక్క పడనివ్వని విషాన్ని పదేళ్లు ఆమె ఊపిరితో మింగింది. దీనికి వయసని పేరు పెట్టిన వాళ్లను నేను క్షమించలేను.

దినాలు కాగానే చెకర్ ఇంటికి వచ్చాడు. మంచి మనిషి పోయిందన్నాడు. "మీ అత్త పని కార్డు నీ పేరు మీద చేస్తనక్కా. రేపొచ్చి మాల్ తీసుకపో" అన్నాడు కోడలితో. ఆమె తలూపింది. ఇల్లు గడవాలి మరి.

మరునాడు ఆమె ఆకు, తంబాకు తీసుకుంది. ఇంటికి మాత్రం రాలేదు. బ్రాంచి మెట్ల మీదనే కూర్చుని ఒళ్లో చాట పెట్టుకుంది.

"ఏందక్కా ఇది? ఇంటికి పో."

"ఇది ఇంట్లకు రాదు సారూ. షెడ్డు ఎయ్యి, అండ్ల కూసుంట. అప్పటిదాంక ఈడనే."

వరసలోని ఒక ముసలామె దగ్గుకుంటూ వచ్చి పక్కన చతికిలబడింది. తర్వాత ఇంకొకామె. నేను మధ్యాహ్నం భోజనానికి అటుగా వచ్చేసరికి మెట్ల మీద కాలు పెట్టే చోటు లేదు. గాలికి చాటల్లోంచి లేచిన ఎర్రటి పొడి తిన్నగా కిటికీలోకి పోతోంది. లోపల చెకర్ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, ఒక చేత్తో కిటికీ తలుపు పట్టుకుని ఉన్నాడు. మూద్దామంటే బయట కట్టలు పట్టుకున్న చేతులు లోపలికి చాచి ఉన్నాయి.