డోరతీ పాదం

ఆటపాటలతో ముసలివాళ్లకి ఊరట కలిగించడం నేర్పే కోర్సు చదువుతున్న లలితకుమారి, ఆస్ట్రేలియాలోని టూవూంబా ఊరి వృద్ధాశ్రమంలో శిక్షణకి వచ్చినప్పుడల్లా రంగుపెన్నులతో రాసి లామినేషన్ చేయించిన ఆట కార్డులు తెస్తుంది. తోటి విద్యార్థిని, వయసులో తనకన్నా చాలా చిన్నదైన చైత్ర ఉత్త చేతులతో వస్తుంది. అయినా అందరూ చైత్ర చుట్టూనే చేరతారు. లలితకుమారికి కడుపు మండిపోతుంది.

"ఆంటీ, ఇవాళ నా సెషన్‌కి అబ్జర్వర్ మీరే. రిపోర్టు కొంచెం మంచిగా రాయండి, యూనివర్సిటీకి పంపాలి" అంది చైత్ర.

"రాస్తాలేమ్మా" అంది లలితకుమారి, పెన్ను మూత కొరుకుతూ.

చైత్ర గిన్నె బోర్లించి గరిటెతో దరువేసింది. లలితకుమారి నెలరోజులు ఎన్ని ఆటలు పెట్టినా కదలని డోరతీ అనే ముసలావిడ, బల్ల కింద పాదంతో తాళం వేసింది. అది లలితకుమారి ఒక్కతే చూసింది. డోరతీ పేరు పక్కన 'పాల్గొనలేదు' అన్న గడిలో టిక్కు పెట్టి తల దించితే, తన కాలూ అదే తాళం వేస్తోంది.