లేసు కొంటామన్న కంపెనీ

2023 వానాకాలం. నరసాపురంలో జీఎస్టీ రిటర్నులు వేసే చిన్న ఆఫీసు నాది. ఒక మధ్యాహ్నం, లేసు అల్లే ఆడవాళ్ళ గ్రూపు లీడరు మార్తమ్మగారు ఒక కాగితం పట్టుకొచ్చారు. దాని మీద ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పేరు, జీఎస్టీ నంబరు ఉన్నాయి.

“మూడు నెలలు ఇరవై మందిమి కూర్చుని అల్లిన సరుకండి. రేపు వీళ్ళ వ్యాను వస్తుందంట. ఈ కంపెనీ నిజమైందో కాదో కాస్త చూసిపెట్టండి.”

“రెండు నిమిషాల పనండి,” అన్నాను గొప్పగా.

కంపెనీల వెబ్‌సైట్లో చూస్తే ‘యాక్టివ్’, అంటే రిజిస్ట్రేషన్ నడుస్తోంది. జీఎస్టీ సైట్లో చూస్తే ‘సస్పెండెడ్’, అంటే తాత్కాలికంగా ఆపేశారు. రిటర్నులు వేయకపోతే ఆపుతారు కదా అని అవీ చూశాను. అన్నీ టైముకే వేసున్నాయి. నా బుర్ర గిర్రున తిరిగింది. ఇరవై మంది కష్టం నా మాట మీద ఉంది.

“ఏంటండీ, ఉన్నట్టా, లేనట్టా?”

“ఉన్నట్టే ఉందండి. లేనట్టూ ఉంది.”

“మా పాస్టరు గారు కూడా ఇంత తికమకగా చెప్పరండి,” అని నవ్వారావిడ. నాకు సిగ్గేసింది.

ఇంకేమీ తోచక కంపెనీ అడ్రసు పైకి చదివాను. వీధి పేరు, డోర్ నంబరు. మార్తమ్మగారి నవ్వు ఆగిపోయింది.

“అది మా ఇల్లండీ!”

గ్రూపు రిజిస్ట్రేషన్‌కని ఆ కంపెనీ వాళ్ళడిగితే కరెంటు బిల్లు, ఆధార్ జెరాక్సులు ఇచ్చి, చెప్పినచోటల్లా సంతకం పెట్టారట.

“పోయిన నెల ఎవరో ఆఫీసరు గారొచ్చారండి. ఇక్కడ కంపెనీ ఉందా అనడిగారు. లేదండీ, మేం కాపురం ఉంటున్నాం అని చెప్పి, టీ ఇచ్చి పంపాను.”

అప్పుడు గానీ నాకు వెలగలేదు. అడ్రసు నిజమో కాదో చూసుకోవడానికి జీఎస్టీ వాళ్ళు అలా మనిషిని పంపుతారు. రిజిస్ట్రేషన్ ఆగింది ఈవిడ చెప్పిన ఆ మాటతోనే. ఆవిడని ఎదురుగా కూర్చోబెట్టుకుని నేను గంటసేపు కంప్యూటర్‌ని అడిగాను.

తనకు తెలియకుండా ఇంటి అడ్రసు వాడుకున్నారని ఆ సాయంత్రమే ఆవిడ చేత జీఎస్టీ ఆఫీసుకి అర్జీ పెట్టించాను. డబ్బు రాకపోతే ఎవర్నడగాలో తెలియని కంపెనీకి ఆవిడ సరుకివ్వలేదు, మర్నాడు వ్యాను ఖాళీగా వెళ్ళింది. వచ్చిన బేరం పోగొట్టిందని గ్రూపులో కొందరు చాలా రోజులు ఆవిడతో మాట్లాడలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

ఇప్పుడు ఎవరు ఏ కంపెనీ గురించి అడిగినా, యాక్టివా కాదా అన్నది తర్వాతే చూస్తాను. ముందు అడ్రసు పైకి చదువుతాను. చదివి, ఎదురుగా కూర్చున్నవాళ్ళ మొహం చూస్తాను.