సాల్మియా ఒడ్డున సంగటి ఎర

నాకు చేపలు పట్టడం వచ్చని కువైట్‌లో చెప్పుకోవడం నా తప్పే. మాది కడప వైపు, కొండల నడుమ కట్టిన ప్రాజెక్టును ఆనుకున్న ఊరు. కట్ట మీద కూర్చుని సంగటి ముద్ద గాలానికి గుచ్చి వేస్తే బొచ్చె చేపలు పడేవి. పలక పట్టడం కంటే ముందు గాలం పట్టానని మా అమ్మ ఇప్పటికీ తిడుతుంది. సాల్మియాలో ఇంటి డ్రైవరుగా చేరిన కొత్తలో, నోరు ఊరుకోక, ఈ గొప్ప ఆ ఇంటి ముసలాయన ముందు చాటుకున్నాను. అప్పటి నుంచి నా శుక్రవారాలు నావి కాకుండా పోయాయి.

ఆయన్ని అందరం బాబా అనేవాళ్లం. మా మామాకి, అంటే నన్ను పనిలో పెట్టుకున్న ఇల్లాలికి, తండ్రి. వయసులో ఉండగా చేపల పడవల మీద తిరిగిన మనిషి. ఎనభై దాటాక కూడా గాలం పట్టుకుని వెళ్లి, రాళ్ల మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆ తర్వాత మామా ఆయన్ని నీళ్ల దగ్గరికి పోనివ్వలేదు. శుక్రవారం పొద్దున కారులో కూర్చుని సముద్రాన్ని చూసి రావాలి, అంతే. "కారు దిగనిచ్చావో, ఖలాస్. మర్నాడే నీకు టికెట్" అని నాకు ముందే చెప్పింది. ఆమె మాటంటే మాటే. ఊళ్లో మా వాడు అప్పుడే కాలేజీలో చేరాడు. ఆ ఉద్యోగం పోతే నాకు ఇంకో దారి లేదు.

కాబట్టి బాబా కారులోనే ఉండేవాడు. నేను రోడ్డు పక్క గోడ దగ్గర నిలబడి గాలం వేస్తే, ఆయన కిటికీ అద్దం దించి పెత్తనం చేసేవాడు. మా ఇద్దరి భాష సగం అరబ్బీ, సగం హిందీ, చాలనిచోట చేతులు. నా సంగటి ముద్దని వేళ్లతో నొక్కి చూసి, "ఇది చేపలకా, గోడ కట్టడానికా?" అన్నాడు. మర్యాదగల చేప రొయ్య తింటుందట. నాకు ఒళ్లు మండింది. అదే ముద్దకి ఒక మేద్ చేప పడింది, జానెడున్నర ఉంటుంది. కిటికీలోంచి రెండు చేతులూ చాచాడు. అందిస్తే చాలాసేపు పట్టుకుని కూర్చున్నాడు. చొక్కా తడిసినా వదల్లేదు. నా గెలుపు సంగతి మర్చిపోయి నేనూ ఆయన్నే చూస్తూ ఉండిపోయాను.

సంగటి కెలికి ఇచ్చేది ఆ ఇంటి వంటమ్మాయి. కోనసీమ పిల్ల, ఆదివారం బదులు శుక్రవారం చర్చికి వెళ్లేది. నేను ఊరి నుంచి తెచ్చుకున్న రాగిపిండి ఎరకి పోతోందని గొణుగుతూనే ముద్ద చుట్టి ఇచ్చేది.

"ఆటుపోట్లు సూసుకోండి అన్నయ్యా. మీ పాజెట్టు నీళ్లు కాదండి అయి."

"నీళ్లన్నాక నీళ్లేగదమ్మా. నాకు నువ్వు చెప్పాల్నా? పుట్టినకాడి నుంచి నీళ్ల గట్టునే ఉండా."

అక్టోబరు చివర్లో, ఎండ మెత్తబడ్డాక, ఒక శుక్రవారం వెళ్లేసరికి సముద్రం చాలా దూరం వెనక్కి జరిగి ఉంది. రాళ్లకి అవతల ఇసుక తేలి గట్టిగా, చదునుగా కనిపిస్తోంది. బాబా కారు తలుపు తానే తీశాడు. "పది అడుగులు. జారడానికి రాయి కూడా లేదు. యల్లా, పద" అన్నాడు. టికెట్ గుర్తొచ్చింది. ఆయన మొహం చూశాను. చెయ్యి పట్టుకుని మెట్ల దారిన దించాను.

పది అడుగులు నూరయ్యాయి. డిక్కీలోని మడత కుర్చీ వేసి కూర్చోబెట్టి, రెండో గాలం ఆయన చేతిలో పెట్టాను. నా బుర్రలో ఉన్నది మా ప్రాజెక్టు. అక్కడ నీళ్లు దిగాయంటే మళ్లీ వానలొచ్చేదాకా దిగినట్టే, ఆ బురదలో జనం దోసకాయలు కూడా వేస్తారు. ఇవాళ సముద్రం తక్కువగా ఉంది, ఇవాళంతా తక్కువగానే ఉంటుంది అనుకున్నాను. రోజూ దాని పక్కనే కారు నడిపే మనిషిని! ఒక్కనాడైనా గంటసేపు అక్కడే నిలబడి చూసిన పాపాన పోలేదు.

బాబా మూడు చేపలు పట్టాడు. మూడూ నా సంగటికే. నవ్వుతూ నన్ను తిడుతున్నాడు. ఏదో అందుకోబోయి వెనక్కి తిరిగాను. మాకూ ఒడ్డుకూ మధ్య నీళ్లు. సముద్రం ఎదురుగా రాలేదు, పక్కనున్న పల్లంలోంచి చుట్టి వెనక నుంచి వచ్చింది.

"బాబా, నీళ్లు!"

"తెలుసు" అన్నాడాయన, గాలం మీద నుంచి చూపు తిప్పకుండా. "అరగంట అయింది."

"మరి చెప్పలేదేం?"

"చెబితే ఇంటికి తీసుకెళ్తావుగా."

కోపం, భయం, ఏడుపు మూడూ ఒకేసారి వచ్చాయి. కుర్చీ అక్కడే వదిలేసి ఆయన్ని వీపున ఎక్కించుకున్నాను. నీళ్లు నా నడుము దాకా వచ్చాయి. ఆ ముసలాయన బరువేమీ లేడు. చేపల సంచి మాత్రం వదల్లేదు, దారంతా అది నా చెవికి కొట్టుకుంటూనే ఉంది.

ఇంటికి చేరేసరికి గుమ్మంలో మామా నిలబడి ఉంది. మోకాళ్ల దాకా తడిసిన తండ్రిని చూసింది, నన్ను చూసింది. "నేనే దిగాను. వీడు వద్దన్నాడు" అని బాబా నిబ్బరంగా అబద్ధమాడాడు. ఆమె ఆయన్ని లోపల పడుకోబెట్టి వచ్చి నన్ను అడిగింది. ఉన్నదున్నట్టు చెప్పేశాను. పోటు సంగతి ఆయనకి ముందే తెలుసనీ, ఇంటికి రావాల్సి వస్తుందని చెప్పలేదనీ కూడా చెప్పాను. ఆమె అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది.

"సర్దుకోమంటారా?" అని నేనే అడిగాను.

"వచ్చే శుక్రవారం నేనూ వస్తాను" అంది. వంటింట్లోంచి వంటమ్మాయి "దేవుడికి స్తోత్రం" అని గట్టిగానే అనేసింది.

ఆ శుక్రవారం మామా కొత్త కుర్చీ తెచ్చింది. మెట్ల కింద పొడి ఇసుకలో తానే వేసింది. దాన్ని దాటి ఒక్క అడుగు కూడా వేయకూడదని మా ఇద్దరికీ ఆజ్ఞ. పడవవాడి కూతురు, నాకు నేర్పినట్టు ఆమెకి ఎవరూ నేర్పనక్కర్లేదు. ఎన్ని గంటలకి నీళ్లు తిరుగుతాయో కనుక్కునే వచ్చింది. పదింటికి లేవాలి అంది.

పదయింది. బాబా గాలం కదిలింది గానీ చేప తప్పించుకుంది. ఆయన భయంభయంగా కూతురి వైపు చూశాడు. ఆమె వాచీ చూసుకుంది.

"ఇంకా టైముంది" అంది. నీళ్లు అప్పటికే ఆమె చెప్పుల్ని తడుపుతున్నాయి.