చిచెన్ ఇట్జా దాకా లాగ్‌బుక్

గరాజ్‌లో అట్టపెట్టె తెరవగానే ఇంగువ వాసన కొట్టింది. అడుగున నూనె మరకలతో నీలిరంగు లాగ్‌బుక్. 2005 వేసవిలో అమెరికాలో మేముండే బెంటన్‌విల్ నుంచి మెక్సికోలోని చిచెన్ ఇట్జా మాయన్ శిథిలాల దాకా వ్యాన్‌లో వెళ్ళినప్పుడు నేను రాసింది. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు, అన్నయ్యకి పదమూడు.

ఇంజనీరైన నాన్న నాలుగు గడులు గీసి ఇచ్చారు: సమయం, మైలు, ఊరు, రిమార్క్స్. "చూసింది చూసినట్టు రాయి. నీ ఒపీనియన్ వద్దు," అన్నారు. సీటు వేడికి తొడలు అతుక్కుపోతుంటే, అమ్మ ముందు సీట్లోంచి పేపర్ ప్లేట్లలో పులిహోర అందిస్తుంటే, కిటికీ బయట ఓక్లహోమా గడ్డి, టెక్సస్ దుమ్ము, సరిహద్దు దాటాక మొక్కజొన్న కంకులు కాల్చే పొగ వెనక్కి పోతుంటే, అన్నీ రాశాను. నాన్న కొట్టిన దెబ్బలు కూడా. మైలు 212, మ్యాప్ తప్పు చదివినందుకు అన్నయ్యకి చెంపదెబ్బ. మైలు 748, లరేడో, ఎదురు చెప్పినందుకు జుట్టు పట్టి తల కిటికీకేసి కొట్టారు. "ఏవండీ, పిల్లాడండీ!" అని అమ్మ అరిచేది. అన్నయ్య వాచిన పెదవితోనే నా పుస్తకంలోకి తొంగిచూసి, "స్కోర్ ఎంతరా?" అని నవ్వేవాడు. చిచెన్ ఇట్జా చేరేసరికి స్కోర్ పదకొండు.

అక్కడ బంతి ఆట మైదానం గోడ మీద, తల తెగిన ఆటగాడి మెడలోంచి నెత్తురు పాముల్లా చిమ్ముతున్న శిల్పం ఉంది. దాని కొలతలు రాసుకోవడానికి నాన్న లాగ్‌బుక్ అడిగారు. పేజీలు తిప్పారు. "ఇదేంట్రా?" అంటూ నా కాలర్ పట్టుకున్నారు.

"నేనే రాయమన్నా డాడీ," అన్నాడు అన్నయ్య. "వాడికేం తెలీదు."

అన్నయ్య రాయమనలేదు. నాన్న నన్ను వదిలేసి బెల్టు తీశారు. బకిల్ తగిలి అన్నయ్య కనుబొమ్మ చీలింది. తెల్లటి సున్నపురాయి మీద చుక్కలు పడ్డాయి. గైడ్ పరిగెత్తుకొచ్చి నాన్న చెయ్యి పట్టుకునేదాకా ఆగలేదు.

తిరుగు ప్రయాణం పేజీలన్నీ ఖాళీ. ఇప్పుడు ఆ వ్యాన్ లేదు. మేం నలుగురం ఒకే కారెక్కడమూ లేదు. రెడ్‌మండ్‌లో ఉండే అన్నయ్య, కనుబొమ్మ మీద గీత గురించి ఎవరైనా అడిగితే, బేస్‌బాల్ ఆడుతూ పడ్డానంటాడు.

గరాజ్‌లోనే పెన్ను వెతికి రిమార్క్స్ గడిలో రాశాను: పన్నెండు. నాకు పడాల్సింది అన్నయ్యకి పడింది.

ఫొటో తీసి అన్నయ్యకి పంపాను. వెంటనే జవాబొచ్చింది: "ఒపీనియన్ వద్దురా."