కోస్గి నేతవాడలో తెగిన పడుగు

1959 ఫిబ్రవరి 12, బేస్తవారం, సాయంత్రం ఏడు గంటలకు కోస్గి నేతవాడలో ప్రొజెక్టర్ మీట వేశాను. అప్పుడు నేను మహబూబ్‌నగర్ జిల్లా ప్రచార వ్యాన్‌లో ఆపరేటర్‌ని, అంటే సినిమా ఆడించేవాణ్ని. నౌకరి ఇంకా పక్కా కాలేదు. అక్షరాలు రావు. డేరా టాకీసులో రీళ్లు చుట్టి చుట్టి చేత్తో పట్టుకున్న పని. చదువు నలభై దాటాక వచ్చింది, ఇది రాయడానికి సరిపోయేంత.

వ్యాన్ పద్ధతి ఇది. ముందు సర్కారు చిత్రం, విత్తనాలదో మశూచి టీకాలదో. ఆఖర్న ఒక హాస్య చిత్రం. ఆఖరిది ఉందని మైకులో ముందే చెప్పకపోతే మొదటిదానికి ఎవరూ కూర్చోరు. మా దగ్గర ఉన్నది ఒకటే, ఏదో దేశపు నలుపు తెలుపు మూగ సినిమా. ఆ కాలంలో కెమెరాను చేత్తో తిప్పేవారు కాబట్టి దానికి ప్రొజెక్టర్ మీద నెమ్మది వేగం పెట్టాలి. మాటల సినిమా వేగంలో పెడితే మనుషులు కోళ్లలాగా ఉరుకుతారు. మాటలు ఉండవు గనుక పక్కన ఒకరు నిలబడి మైకులో కథ చెప్పాలి. అది డ్రైవర్ యాదగిరి పని.

ఆ రోజు తనిఖీకి ప్రచార అధికారి సూర్యనారాయణ గారు వచ్చారు. కోస్తా మనిషి. మూగ రీలు దండగ అని ఆయన అభిప్రాయం.

"ఈ బొమ్మకి ఎవడు నవ్వుతాడయ్యా? జనం లేచిపోతే రీలూ వెనక్కి పంపిస్తాను, నిన్నూ పంపిస్తాను" అన్నారు. నవ్వుతూనే అన్నారు కానీ, అన్నది చేసే మనిషి.

టీకాల చిత్రం అయిపోయింది. మూగ సినిమాలో ఒక సన్నటి మనిషి బట్టల మిల్లులో కొత్తగా పనికి చేరతాడు. మగ్గంలో కాలు ఇరుక్కుంటుంది, పడుగు పటపటా తెగుతుంది, నూలు మెడకు చుట్టుకుంటుంది, లేచినప్పుడల్లా మళ్లీ పడతాడు. వ్యవసాయం చేసే ఊళ్లలో సరిగ్గా ఇక్కడే కడుపులు పట్టుకొని నవ్వేవారు. నేతవాడలో ఒక్కరూ నవ్వలేదు. పడుగు అంటే మగ్గం మీద నిలువునా సాగదీసిన నూలు. తెగితే పోగు పోగూ ముడివేసి అతకాలి. ఆ కష్టం వాళ్లకు తెలుసు.

ముందు వరుసలో కూర్చున్న లచ్చవ్వ, వాడలో అందరికంటే పెద్ద ముసలామె, లేచి తెర దగ్గరికి పోయింది.

"ఆగు కొడకా, కాలు గుంజకు. జర మెల్లగ తియ్యి" అంది తెరమీది మనిషితో.

"గంత పడుగు పాయె. ఇగ వాని పెండ్లాం పిల్లలు ఏం తినాలె?" అన్నాడు వెనక నుంచి నేతగాడు నర్సిములు. ఇద్దరు ముగ్గురు దులుపుకొని లేచారు. అధికారి గారు నా వైపు చూశారు. ఆ పడుగుతో పాటు నా నౌకరి కూడా తెగుతోంది.

"యాదగిరీ, మగ్గం ఎవరిదో చెప్పు" అని ప్రొజెక్టర్ దగ్గర్నుంచే కేకేశాను.

యాదగిరి చురుకైనవాడు. వెంటనే మైకు అందుకున్నాడు. "అవ్వా, ఫికర్ చెయ్యకు. మగ్గం వానిది గాదు, నూలు వానిది గాదు. అంత సావుకారిదే. అగో, బొర్రేసుకొని వస్తుండు సూడు."

సరిగ్గా అప్పుడే లావుపాటి యజమాని లోపలికి వచ్చి, ఆ నూలు మీదే కాలు జారి వెల్లకిలా పడ్డాడు. వాడ వాడంతా నవ్వింది. లేచినవాళ్లు కూర్చున్నారు.

"గీ ముచ్చట ముందుగాల చెప్పొద్దార?" అంటూ లచ్చవ్వ వెనక్కి తిరిగింది. మళ్లీ తెర వైపు చూసి, "ఇంకింత తెంపు కొడకా" అంది.

ఇంకోసారి ఆడించమని అధికారి గారే చెప్పారు. నేను రీలు వెనక్కి చుడుతుంటే నర్సిములు వచ్చి, ఆ సన్నటి మనిషి పడ్డది నిజమా, కనికట్టా అని అధికారి గారిని అడిగాడు. ఈ బొమ్మ తీసినవాళ్లు నలుగురైదుగురే, కథ అల్లినవాడే ఆడాడు, పడ్డప్పుడల్లా నిజంగానే పడ్డాడు అని ఆయన చెప్పారు.

"అయితే పనిమంతుడే సార్. గంత సక్కగ తెంపాల్నంటే నేత తెల్వాలె" అన్నాడు నర్సిములు.

ఆ వానాకాలంలో నా నౌకరి పక్కా అయింది. నేను నేర్చుకున్నది ఒకటే. తెర మీద పాడయ్యేది తాము చేసే పనే అయితే, అది ఎవరి సొమ్మో తెలియనిదే జనం నవ్వరు. తమలాంటివాడిది అనుకుంటే అసలే నవ్వరు. అప్పటి నుంచి ఏ ఊరికి పోయినా అక్కడ ఏం పని చేసి బతుకుతారో కనుక్కున్నాకే ఆ రీలు ఎక్కించాను.

ఆ రోజు అక్కడ ఉన్నది అధికారి సూర్యనారాయణ గారు, డ్రైవర్ యాదగిరి, లచ్చవ్వ, నర్సిములు, నేతవాడ జనం, ఆపరేటర్ బాలయ్య అనే నేను. తెర మీద ఆ సన్నటి మనిషి. అతని పేరు, తీసినవాళ్ల పేర్లు రీలు మొదట్లో పడేవి. నాకు చదువు వచ్చేసరికి ఆ రీలు అరిగిపోయింది.